తూర్పు మరిచిన పొగడ చెట్టు

అనగా అనగా, తోటలు వేయించడంలో దొరలు ఒకరితో ఒకరు పోటీపడే రోజుల్లో, పైడయ్య అనే కుర్రవాడి మొలలో పదకొండు వరహాలు ఉండేవి. అతని ఆస్తి అంతే.

ఆ పదకొండు వరహాలూ పొగడపూలవి.

తెల్లగెడ్డ అనే ఊళ్ళో పైడయ్యకు ఒక అక్క ఉంది. పేరు నూకాలు. వాళ్ళ పెరట్లో వాళ్ళమ్మ నాటిన పొగడ చెట్టు ఉంది. అమ్మ పోయాక ఆ చెట్టు కొమ్మకే చీర కట్టి, అందులో తమ్ముణ్ణి పడుకోబెట్టి ఊపింది నూకాలు. తెల్లవారేసరికి చెట్టు కింద మట్టి కనిపించకుండా పూలు రాలి ఉండేవి. ఆమె వాటిని ఒడిలోకి ఏరుకుని, దండలు గుచ్చి సంతలో అమ్మేది. పొగడపువ్వు వాడినా వాసన పోదు. అందుకని ఈ రోజు మిగిలిన దండ రేపు కూడా అమ్ముడుపోయేది. అలా దండ దండకీ కూడబెట్టి, తమ్ముడు ఎదిగాక అతని చేతిలో పోసింది.

"ఇది నీ పెట్టుబడి. ఏం నేర్చుకుంటావో నేర్చుకో."

"పదకొండుని నూటపది చేసి తెస్తానక్కా!" అన్నాడు పైడయ్య. లెక్కలు అతని నాలుక చివరన ఉండేవి.

"ముందు నువ్వు తిరిగి రా. పక్కన సున్నాలు తర్వాత పెడుదువుగాని" అని నవ్వింది నూకాలు.

పైడయ్య వెళ్ళి ఒక ముసలి తోటమేస్త్రి దగ్గర చేరాడు. నేల వాలు చూసి నీటిని నడిపించడం నేర్చుకున్నాడు. కొలను తవ్వి మెట్లు కట్టడం నేర్చుకున్నాడు. బాటను నాలుగు వంపులు తిప్పి, చిన్న తోటను పెద్ద తోటలా చూపించడం కూడా నేర్చుకున్నాడు. మేస్త్రి ఒక్క మాట మాత్రం పదేపదే చెప్పేవాడు.

"ఎదిగిన చెట్టును కదిలించాల్సి వస్తే, పార వేయకముందే దాని తూర్పు వైపు గుడ్డపీలిక కట్టు. కొత్తచోట నాటినప్పుడు ఆ పీలిక మళ్ళీ తూర్పుకే ఉండాలి. ఒక వైపు వేళ్ళు ఈ వానాకాలం కొయ్యి, రెండో వైపువి వచ్చే వానాకాలం కొయ్యి. చెట్టుకి కళ్ళు లేవనుకోకు నాయనా. పొద్దు ఎటు పొడుస్తుందో దానికి తెలుసు."

పైడయ్య తలూపాడు. మనసులో మాత్రం, ఒక చెట్టు కదలడానికి రెండేళ్ళు పడితే తోట లేచేదెప్పుడు, నేను పైకొచ్చేదెప్పుడు అని లెక్క వేసుకున్నాడు.

చదువు పూర్తయింది. కొండవాక సంస్థానంలో తోట వేయిస్తున్నారని తెలిసి, ఎవరి సిఫారసూ లేకుండా పైడయ్య నేరుగా కోటకు వెళ్ళాడు.

కొండవాక దొర పేరు అనంతభూపతి. ఆయనకు పుస్తకాల్లో రాసినట్టు మాట్లాడటం సరదా. కోటలోవాళ్ళు దానికి అలవాటుపడిపోయారు. అర్థమైతే తలూపేవారు, కాకపోతే ఇంకా గట్టిగా తలూపేవారు.

"పసివాడవు. ఇంత తోట తీర్చగలవా?" అన్నాడు దొర.

"పసివాణ్ణి కాబట్టే తొందరగా తీరుస్తాను ప్రభూ. ముసలివాళ్ళకి మధ్యాహ్నం కునుకు కావాలి. నాకక్కర్లేదు."

దొర మీసం కదిలింది. నవ్వాడన్నమాట.

"వినుము. వచ్చే మాఘమాసమున పొరుగు సంస్థానాల దొరలు మాకు అతిథులై వత్తురు. అప్పటికి గుమ్మమున పొగడ! కొలను గట్టున పొగడ! మేడ ముంగిట పొగడ! అటుల నిలవవలె మా తోట. మొలకలు మాకు వద్దు. కన్ను పడినచోటనెల్ల నిండుగా ఉండవలె. కావలసినది ఎక్కడ ఉన్నదో అక్కడినుండి తెచ్చుకొనుము. మా పేరు చెప్పుము."

పైడయ్య వేళ్ళు మడిచాడు. గుమ్మం ఒకటి, కొలను రెండు, మేడ మూడు. మూడు చోట్లు, మూడు పొగడ చెట్లు. దొరవారు ఆ చెట్టునే ఎందుకు అంతగా కోరుతున్నారో ఒకసారి అడగాలనిపించింది. అడిగితే తెలియనివాడు అనుకుంటారేమో. పైగా లెక్క సరిపోయింది. లెక్క సరిపోయాక అడిగేదేముంది?

"అలాగే ప్రభూ" అన్నాడు.

పని మొదలైంది. నిజం చెప్పాలంటే, పైడయ్య గొప్పగా చేశాడు. కొండవాగు నీటిని రాతికాలువలో తిప్పి కొలనులోకి దూకించాడు. మల్లెపందిళ్ళు వేయించాడు. ఒక్కొక్క వంపు దాటగానే ఒక్కొక్క వింత కనిపించేలా బాటలు తీశాడు. అన్నీ అనుకున్న వేళకే అయ్యాయి. పొగడ చెట్లే మిగిలాయి.

మొదటి పొగడ నది రేవులో దొరికింది. పడవ కోసం కాచుకునేవాళ్ళందరికీ ఆ చుట్టుపక్కల అదొక్కటే నీడ. పనివాళ్ళు పారలు ఎత్తేసరికి కొమ్మ మీది గోరువంక అడిగింది.

"అబ్బాయ్, చెట్టుని పట్టుకుపోతున్నావు, బాగానే ఉంది. దీని నీడని ఎవరికి అప్పజెప్పి వెళ్తున్నావు?"

"పడవ వచ్చేదాకా ఎంతసేపు గనక! ఆ కాసేపటికి నీడెందుకు?" అన్నాడు పైడయ్య.

"కాసేపేగా, నువ్వు నిలబడి చూడు మరి" అంది గోరువంక.

పైడయ్య నిలబడలేదు. అతనికి తీరిక లేదు.

రెండో పొగడ పశువులు మేసే బీడులో దొరికింది. దాని తొర్రలోంచి ఒక ఉడుత తల బయటపెట్టింది.

"పొగడపళ్ళు తిని, గింజలు ఈ చెట్టు చుట్టూ దాచుకున్నాను. నువ్వు వేళ్ళు తవ్వితే నా గింజలన్నీ చెల్లాచెదురైపోవూ?"

"పిడికెడు లేవు నువ్వు, ఎంత గొడవ! ఒక్క ఉడుతకి ఎన్ని గింజలు కావాలి?" అని నవ్వాడు పైడయ్య.

ఉడుత ఏదో అనబోయింది. అంతలో పార దిగింది. అది తోక ఎత్తి పారిపోయింది.

మూడో పొగడ ఎక్కడా దొరకలేదు. మనుషుల్ని పంపి వెతికించాడు. మొక్కలున్నాయి, ఎదిగిన చెట్టు లేదు. వానలు దగ్గరపడ్డాయి. అప్పుడు పైడయ్య బళ్ళు కట్టించుకుని తెల్లగెడ్డ వెళ్ళాడు.

దారి పొడవునా అక్కకి చెప్పాల్సిన జవాబులు సిద్ధం చేసుకున్నాడు. పూలు పోతాయంటే, దొర ఇచ్చే సొమ్ముతో జీవితాంతం కూర్చుని తినొచ్చు అంటాడు. అమ్మ నాటిందంటే, అమ్మ చెట్టు రాజమేడ ముందు నిలుస్తుంది అంటాడు. నీడ పోతుందంటే, పెంకుటిల్లు కట్టిస్తాను అంటాడు.

నూకాలు తమ్ముడికి అంబలి ఇచ్చి, అతను చెప్పిందంతా విన్నది. చెట్టు వైపు ఒకసారి చూసింది.

"నీకు కావాలా?"

"కావాలక్కా."

"అయితే ఇంకేం, తీసుకుపో."

అంతే. ప్రశ్న వేస్తే పైడయ్య దగ్గర జవాబుంది. అక్క ప్రశ్నే వేయలేదు.

ఆమె తన చీరకొంగు అంచు చించింది. రోజూ పొద్దు పొడవగానే మొదటి ఎండ ఎక్కడ పడుతుందో ఆమెకు తెలుసు. సరిగ్గా అక్కడ, మాను చుట్టూ తిప్పి తూర్పున ముడి వేసింది. ఎర్రంచు పీలిక.

"ఈ ముడి తూర్పుకే ఉంచుతావుగా?"

"ఉంచుతానక్కా. నాకు తెలియదా!"

బళ్ళు కదిలాయి. పెరట్లో పెద్ద గొయ్యి మిగిలింది. నూకాలు గుమ్మంలో నిలబడి, బండి మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత చీపురు తీసుకుని, ఊడ్చడానికి ఏమీ లేని పెరడు ఊడ్చింది.

మూడో చెట్టును మేడ ముందు గోతిలో దించుతుంటే ఒక చిక్కు వచ్చింది. దాని కొమ్మలన్నీ తూర్పు వైపే గుబురుగా ఉన్నాయి. మేడ చూస్తే చెట్టుకి పడమట ఉంది. పీలిక తూర్పుకి పెడితే, మేడ మీదివాళ్ళకి కనిపించేది పలచటి వీపు.

"తిప్పండి" అన్నాడు పైడయ్య.

"బాబూ, పీలిక పడమటికి పోతుంది" అన్నాడు ఒక ముసలి కూలీ.

"చూసేవాళ్ళు మేడ మీద ఉంటారు తాతా. తూర్పున ఎవరున్నారు?"

"సూర్యుడున్నాడు బాబూ."

అందరూ నవ్వారు. పైడయ్యా నవ్వాడు. చెట్టును తిప్పారు.

వానలు కురిశాయి. మూడు చెట్లూ తలా నాలుగు చిగుళ్ళు వేశాయి. పైడయ్య పొంగిపోయి, "చిగురేసింది" అని అక్కకు కబురు పంపాడు.

చెట్టులో దాగిన పాత తడి వేసిన చిగురు అది. కొత్త నేలలోంచి ఒక్క వేరూ నీరు తాగలేదు.

వానలు వెనకబట్టాక, గుమ్మంలో ఉన్న రేవు పొగడ ఆకు రాల్చింది. తర్వాత కొలను గట్టున బీడు పొగడ రాల్చింది. పైడయ్య మానులకు పేడ పట్టించాడు, తాటాకు తడికలు కట్టించాడు, పాదులో కుండల కొద్దీ నీళ్ళు పోశాడు. రోజూ పొద్దున్నే మేడ ముందున్న పొగడ దగ్గరికి వెళ్ళి బెరడును గోటితో గీరి చూసేవాడు. లోపల పచ్చగా ఉండేది. బతికే ఉంది అనుకునేవాడు.

ఒక పొద్దున గీరాడు. లోపల గోధుమరంగుగా ఉంది. ఇంకోచోట గీరాడు. అక్కడా అంతే. చేతికి అందినంత పైన, తన ఉయ్యాల కట్టిన కొమ్మ మీద గీరాడు. పొడి రాలింది.

అతను ఆ చెట్టు కిందే కూర్చుండిపోయాడు. పొద్దు వాలేసరికి పీలిక మీద మేడ నీడ పడింది.

మాఘమాసం వచ్చింది. అతిథులు వచ్చారు. తోట చూడటానికి ఊళ్ళవాళ్ళనీ లోపలికి వదిలారు. దొరలు గుమ్మంలో ఆగి "ఆహా" అన్నారు. కొలను దగ్గర "ఓహో" అన్నారు. అనంతభూపతి ముఖం వెలిగిపోయింది. మేడ ముందుకు వచ్చేసరికి మాత్రం ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏమిది? మా మేడ ముంగిట ఈ మోడేల? గుమ్మమునను ఒకటి చూచితిని, కొలను కడను ఒకటి చూచితిని."

"మీరు కోరినవే ప్రభూ" అన్నాడు పైడయ్య మెల్లగా. "గుమ్మంలో పొగడ, కొలను గట్టున పొగడ, మేడ ముంగిట పొగడ అన్నారు."

దొర ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఓరి వెర్రివాడా! అతిథులు గుమ్మమున పొగడ, కొలను కడ పొగడ, మేడ ముంగిట పొగడ, అనగా వారు పొగడునట్లు తోట నిలవవలెనంటిని! పొగడ్త కోరితినిరా, చెట్టు ఎవరికి కావలెను?"

అతిథులు విరగబడి నవ్వారు. "అద్భుతం! మీ ఒక్క మాటకి మూడు చెట్లు పడ్డాయి రాజా!" అన్నాడు ఒక దొర. "ఏమి భాష! ఏమి భాష!" అన్నాడు ఇంకొకడు. మేడ ముంగిట కూడా దొరకు పొగడ్త దొరికింది. అనుకున్నది అనుకున్నట్టే మూడు చోట్లా జరిగింది.

ఆ నవ్వుల వెనక, ఊళ్ళవాళ్ళ గుంపులో నూకాలు ఉంది. చెట్టు చిగురేసిందన్న కబురు విని, చూసిపోదామని నడిచి వచ్చింది. చేతి బుట్టలో ఎండిన పొగడదండ ఒకటుంది, చెట్టు చివరిసారి పూసిన పూలది.

ఆమె ముందుకు వచ్చింది. చెట్టు దగ్గరికి వెళ్ళి పీలిక కోసం చూసింది. తూర్పు వైపు లేదు. చుట్టూ తిరిగింది. పడమట, మేడ వైపు, ముడి కనిపించింది.

పైడయ్య తల దించుకున్నాడు.

నూకాలు ముడి విప్పింది. మాను మీద చెయ్యి వేసి, "పాపం, దీనికి పొద్దు ఎటు పొడుస్తుందో తెలియకుండానే పోయింది" అంది.

నవ్వు ఆగిపోయింది. దొర కొంచెం ఇబ్బందిపడి, సొమ్ముసంచీ తెప్పించాడు.

"ఒక మోడు కొరకు విచారమేల? వంటశాలకు పంపుదురు. తోట మాత్రము బహు బాగున్నది. ఇదిగో నీ కానుక. నది అవతల ఇంతకు మూడింతల భూమి ఉన్నది, అచటను తోట తీర్చుము."

మూడింతల తోటంటే ఎంత సొమ్మో పైడయ్య బుర్ర తనంతట తనే లెక్క కట్టేసింది. పదకొండు పక్కన ఎన్నో సున్నాలు కనిపించాయి. వాటి వెనక రేవులు, బీళ్ళు, పెరళ్ళు, గోతులు కనిపించాయి.

"ప్రభూ, మీ మాట అర్థం కాకపోయినా అడగలేదు, అది నా తప్పు. చెట్టుకి ఏం కావాలో తెలిసీ వినలేదు, అది ఇంకా పెద్ద తప్పు. ఆ పీలిక తిప్పింది నేనే. నాకు సంచీ వద్దు. ఈ మూడు మానులూ ఇప్పించండి. రేవులో పందిరికి గుంజలవుతాయి."

"తీసికొనిపొమ్ము" అన్నాడు దొర. ఆయన చూపు అప్పటికే అతిథుల మీదికి మళ్ళింది.

అక్కా తమ్ముడూ మానుల బండి వెంట నడిచారు.

"సున్నాలు తెచ్చావట్రా?" అంది నూకాలు దారిలో, తమ్ముణ్ణి నవ్విద్దామని.

"ఒక్కటే తెచ్చానక్కా. దాని ముందు అంకె లేదు" అన్నాడు పైడయ్య. అని ఏడ్చాడు.

"ముందు నువ్వు తిరిగి రావాలన్నాను. వచ్చావుగా. పద."

రేవులో జనం ఎండలో నిలబడి ఉన్నారు. ఒక ముసలమ్మ అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని అవతలి గట్టు వైపు చూస్తోంది. ఈసారి పైడయ్య నిలబడ్డాడు. పడవ వచ్చేదాకా నిలబడ్డాడు. అతని తల మాడిపోయింది. పడవ గుంజ మీది గోరువంక అతన్ని చూసింది కానీ ఏమీ అడగలేదు. అతను మానులు పాతి, తాటాకు కప్పి పందిరి వేశాడు. నీడ పడింది. కానీ అది పూలు రాల్చే నీడ కాదు.

బీడులో పాత గోతి చుట్టూ పచ్చగా ఏదో కనిపించింది. పైడయ్య వంగి చూశాడు. పొగడ మొలకలు! పారకు చెదిరిన గింజలు వానలకు మొలిచాయి. రాతి మీద కూర్చున్న ఉడుత అతన్ని గుర్తుపట్టింది.

"ఒక్క ఉడుతకి ఎన్ని గింజలు కావాలి అన్నావుగా? నేను తినగా మిగిలినవి ఇవీ."

పైడయ్య చేతులు కట్టుకున్నాడు. "రెండు ఇస్తావా? ఒకటి రేవుకి, ఒకటి మా ఇంటికి. మూడోది ఇక్కడే, నీ బీడులోనే పెరగనీ."

"ఆ వేళ అడగకుండా తీసుకున్నావు. ఈ వేళ అడిగావు, తీసుకో" అంది ఉడుత.

అక్కడినుంచే వెనక్కి వెళ్ళి, రేవు పందిరి పక్కన ఒక మొలక నాటి వచ్చాడు పైడయ్య. రెండోదాన్ని మట్టిగడ్డతో సహా అక్క తన బుట్టలో పెట్టుకుంది.

తెల్లగెడ్డలో పెరటి గొయ్యి అలాగే ఉంది. పైడయ్య మట్టి పూడ్చి, మధ్యలో మొలకను నాటాడు. బెత్తెడు కూడా లేదు. ఆకులు రెండు. అమ్మ చెట్టు ఉన్నచోట అది ఉన్నట్టే కనిపించలేదు. నూకాలు పక్కన చిన్న పుల్ల పాతి, తూర్పు వైపు ఆ ఎర్రంచు పీలిక కట్టింది. ఎండిన దండను పుల్లకి తగిలించింది. పెరడంతా పాత వాసన వచ్చింది.

"ఒరే పైడీ, లెక్కల్లో గట్టివాడివి కదా. ఇది పూసి, కింద పూలు రాలడానికి ఎన్నేళ్ళు పడుతుంది?"

పైడయ్య మొలక వైపు చూశాడు. అక్క నెరిసిన జుట్టు వైపు, వంగుతున్న నడుము వైపు చూశాడు. లెక్క వేయడం అతనికి ఎప్పుడూ ఆలస్యం కాదు. జవాబు వెంటనే వచ్చింది. జీవితంలో మొదటిసారి, వచ్చిన జవాబును పైకి చెప్పలేదు.

"నీళ్ళు తెస్తానక్కా" అన్నాడు. చూరు కింద బోర్లించిన కడవ భుజానికెత్తుకుని ఊరి గెడ్డవాగు వైపు తిరిగాడు.

పిల్లలూ, పొగడ్త కోసం పెకలించి తెచ్చిన చెట్టు ఒక్కరోజు కూడా తోట కాదు. నీడ కావాలనుకున్నవాడు, ఆ నీడలో తనవాళ్ళు కూర్చుంటారో లేదో తెలియకపోయినా, నీళ్ళు మోయడంతోనే మొదలుపెట్టాలి.